సావుకారు డీజిల్ బండి, చాగలమర్రి రోడ్డు

ఈ సంగతి కాగితం మీద పెట్టాలని నాకు మొదట్లో లేదు. టీ అంగడి దగ్గర నలుగురికీ చెప్పుకుంటే చాలనుకున్నాను. కానీ నోటి మాట ఊరు దాటితే రూపం మారిపోతుంది. పోయిన నెల నంద్యాల బస్టాండు ఎదుట టీ తాగుతుంటే పక్కన కూర్చున్న ఒకాయన నా కథే నాకు చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో ఆళ్లగడ్డ సావుకారు కొన్న పెద్ద బండి నడిరోడ్డు మీద కాలిపోయింది. డ్రైవరు దూకి పారిపోయాడు. డీజిల్ కొనమని సలహా ఇచ్చిన నంద్యాల పంపు మేస్త్రీ ఆ తర్వాత ఫోను ఎత్తలేదట.

ఆ మేస్త్రీని నేనే. బండి కాలలేదు, ఇప్పటికీ తిరుగుతోంది. డ్రైవరు పారిపోలేదు. నేను డీజిల్ కొనమని చెప్పనూ లేదు. ఆయనతో వాదన పెట్టుకోకుండా లేచి వచ్చేశాను గానీ, ఉన్నదున్నట్టు రాసి పెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

రెండో కారణం మీరు, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు. "పాత పెద్ద బండి కొంటున్నా మేస్త్రీ, పెట్రోలా డీజిలా?" అని జనం ఫోనులో అడుగుతారు. మీరు ఒక్క మాటలో చెప్పేస్తారు. నేనూ చాలా ఏళ్ళు అట్లాగే చెప్పాను. ఇది చదివాక కనీసం ఫోను పెట్టేసే ముందు ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతారని ఆశ.

నేను డీజిల్ పంపు మేస్త్రీని. లారీ అయినా, ట్రాక్టరైనా, జీపైనా ఇంజనుకు డీజిల్‌ను కొలిచి పంపే పంపు ఒకటి ఉంటుంది. అది చెడిపోతే విప్పి, బాగుచేసి, బెంచి మీద పెట్టి సరిచూసి ఇవ్వడం నా పని. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా నంద్యాల గ్రంథాలయంలో చదువుకున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరనుకున్నా ఫర్వాలేదు, నాకు అది గొప్పే. సాయంత్రం చేతులు ముందు కిరోసిన్‌తో, తర్వాత సబ్బుతో కడుక్కొని లైబ్రరీకి పోయేవాణ్ణి. అయినా వాసన పోయేది కాదు. నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఇంకెవరూ వచ్చేవారు కాదు కాబట్టి మోటారు పత్రికలన్నీ నాకే దక్కేవి. ఇంగ్లీషు పత్రిక ఒక చేతి కింద, నిఘంటువు ఇంకో చేతి కింద. ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టేది.

నా పక్క బెంచి మీద, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు బాగుచేసే భాయి ఉండేవాడు. ఇద్దరం ఒకే కప్పు కింద ముసలివాళ్ళమయ్యాం. "ఏమన్నా, లైబ్రరీలో ఇంజను స్టార్టయిందా?" అని పొద్దున్నే అడిగేవాడు. "ఇంకా సెల్ఫ్ కొడతాండా భాయీ" అనేవాణ్ణి. రోజూ ఇదే మాట, రోజూ నవ్వేవాళ్ళం.

నేను పని మానేయబోతున్న ఏడాదిలో ఆళ్లగడ్డ సావుకారు కబురు పెట్టాడు. ఆయనకు అక్కడ పెద్ద పచారీ అంగడి ఉంది. అంగడి పెట్టిన కొత్తలో కొన్న డీజిల్ జీపు పంపు ఎప్పుడు చెడినా నా దగ్గరికే వచ్చేది. ఆ జీపు పోయింది, తర్వాత కొన్న కారు కూడా ముసలిదైంది. ఇప్పుడు ఆయనకు పెద్ద బండి కావాలి. లోపల సోఫాలాంటి సీట్లు, ఎక్కేటప్పుడు మెట్టు, తోలేవాడు గేర్లు మార్చే పని లేని లగ్జరీ బండి. కొత్తది కొనేంత పిచ్చి లేదు కాబట్టి పాతది. నంద్యాల బైపాస్ పక్కన పాత బండ్లు అమ్మే యార్డులో ఒకే రకానివి రెండు తెల్లవి ఉన్నాయి. ఒకటి డీజిల్, ఒకటి పెట్రోలు. రెండింటిలో ఏదో నేను వచ్చి తేల్చాలి.

ముందు రోజు ఆయన డ్రైవరు మా షెడ్డుకు వచ్చాడు. సంజామల వైపు పల్లె అతనిది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా సావుకారు బండ్లు తోలుతున్నాడు. తోలేటప్పుడు గొంతులోనే ఏదో కీర్తన పాడుకుంటాడు, పక్కన కూర్చున్నవాడికి కూడా సగమే వినిపిస్తుంది. వేయించిన శనక్కాయల సంచి నా బెంచి మీద పెట్టి, సుత్తి పక్కకు జరిపి, మళ్ళీ సుత్తి అక్కడే పెట్టి, అప్పుడు నోరు తెరిచాడు.

"అన్నా, రేపు బండి చూసేదానికి వస్తాండావంట కదా."

"వస్తాండా."

"డీజిల్ అని చెప్పన్నా."

"ఎందుకప్పా?"

"పెట్రోలు తెస్తే ఊర్లో తిరిగేదానికే కదా, నేనే తోలుకుంటా అంటాండాడు చిన్న సావుకారు. డీజిల్ అయితే తిరపతి, శ్రీశైలం, దూరాలు పోతారు. దూరం అంటే నేను ఉండల్ల." కాసేపు శనక్కాయల సంచి మూతి విప్పి మళ్ళీ కట్టాడు. "ఈ వయసులో నాకు ఇంకో స్టీరింగు ఎవరిస్తారన్నా?"

నేను ఏమీ మాటివ్వలేదు. అతను పోయాక భాయి, "శనక్కాయలు తింటాండావు, డీజిల్ అనక తప్పదు నీకు" అన్నాడు. "నువ్వూ తింటాండావు కదా" అన్నాను.

మరునాడు యార్డుకు నలుగురు వచ్చారు. సావుకారు, ఆయన భార్య, అందరూ చిన్న సావుకారు అని పిలిచే కొడుకు, డ్రైవరు. నేను రెండు బండ్ల కిందా దూరి చూశాను, తోలి చూశాను. రెండూ బాగున్నాయి. అందుకే చిక్కు. ఒకటి చెడ్డదైతే నా పని తేలికయ్యేది.

అప్పుడు నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ రకం డీజిల్ బండికి పొగగొట్టంలో ఒక జల్లెడ ఉంటుందని, పొగలోని మసిని అది పట్టుకుంటుందని, బండి ఆగకుండా కొంతదూరం జోరుగా పోతే జల్లెడ బాగా వేడెక్కి ఆ మసి దానంతట అదే కాలి బూడిదవుతుందని, ఊర్లోనే రెండు వీధులు తిప్పితే వేడెక్కక మసి పేరుకుపోయి స్టీరింగు ముందర ఒక దీపం వెలుగుతుందని చెప్పాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. లైబ్రరీలో చదివినదంతా, ఎంత వేడి, ఏ దేశంలో మొదట పెట్టారు అన్నదాకా పోయాను. సావుకారు అప్పటికే పక్క బండి టైర్లు చూస్తున్నాడు.

"ఇంతకూ మీరు యాడికి తిరుగుతారో అది చెప్పండి" అన్నాను.

"తిరపతి పోతాం, శ్రీశైలం పోతాం, బెంగళూరు పోతాం" అన్నాడు సావుకారు.

"కలలోనా?" అంది ఆయన భార్య. అంగడి గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆమే. "ఇంటికాడ నుంచి అంగడికి, అంగడికాడ నుంచి ఇంటికి. నంద్యాలకు ఇంతకు ముందు ఎప్పుడొచ్చినానో నాకే గుర్తులేదు మేస్త్రీ. ఈ బండి కొనే వంకతో వచ్చినా ఈ పొద్దు."

ఇంక దాచేదేముంది. డ్రైవరు ముఖం వైపు చూడకుండా చెప్పాను. "మీ తిరుగుడుకు పెట్రోలే సరి సావుకారీ."

"చూడు నాయనా, మేస్త్రీ మామ కూడా అదే అంటాండాడు" అన్నాడు కొడుకు. మంచి పిల్లవాడే. చదువుకున్నాడు, లెక్క తెలిసినవాడు. ఒక జీతం మిగులుతుందనేది అతని లెక్క, అంతే.

సావుకారు నా వైపు తిరిగాడు. "ఏందప్పా, బతుకంతా డీజిల్ మీద బతికినోడివి, ఈ పొద్దు పెట్రోలు అంటాండావే? పక్కన నిలబడితే స్టార్టయిందో లేదో తెలియని బండి ఒక బండేనా? అంగడి ముందర వచ్చి నిలబడితే వీధికంతా తెలియల్ల." తర్వాత డ్రైవరును చూసి, "తోలేది నువ్వు. నువ్వు చెప్పు" అన్నాడు.

డ్రైవరు నన్ను చూశాడు, చిన్న సావుకారును చూశాడు, చివరికి నేలను చూశాడు.

"డీజిలే మేలు సావుకారీ."

డీజిలే కొన్నారు.

రెండు మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం సావుకారు ఫోను. "మేస్త్రీ, నీ లైబ్రరీ దీపం వెలిగింది." స్టీరింగు ముందర పసుపు రంగు దీపం వెలిగిందట, బండి మునుపటిలా లాగడం లేదట. ఫోను కొడుకు తీసుకున్నాడు. షోరూం వాళ్ళను అడిగితే బండి తెచ్చి చూపించమన్నారట, జల్లెడ మార్చాల్సి రావచ్చన్నారట. దాని ధర వింటే అంగడిలో సగం సరుకు కనిపించిందట అతనికి. "వచ్చిన కాడికి అమ్మేస్తాం మామా. పెట్రోలుది తెచ్చుకుంటాం. డ్రైవరుకు కూడా ఈ నెలతో చాలిస్తామని చెప్పినాం. ఆయన మాట వినే కదా కొన్నాం."

"తొందరపడొద్దప్పా, పొద్దున నేను వస్తాండా" అన్నాను.

పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయాను. దారి పొడవునా నాకు అర్థం కానిది ఒకటే. ఊర్లో తిరిగితే మసి పట్టడం నిజమే, అయితే ఇంత త్వరగానా? అంగడి దగ్గర దిగేసరికి అప్పుడే తలుపులు తీస్తున్నారు. బండి అంగడి ముందర నిలబడి ఉంది. ఇంజను ఆడుతోంది. లోపల ఎవరూ లేరు.

ఇంట్లో స్నానం చేసి, విభూతి పెట్టుకొని వచ్చిన సావుకారు పూజ మొదలుపెట్టాడు. తక్కెడకు బొట్టు, గల్లాపెట్టెకు బొట్టు, దేవుడి పటాలకు పూలు. అగరబత్తి. మంత్రం మధ్యలో మూటలు దించేవాళ్ళతో రెండు మాటలు, మళ్ళీ మంత్రం. ఇంజను ఆడుతూనే ఉంది. చివరికి హారతి పళ్ళెం పట్టుకొని వీధిలోకి వచ్చి, పొగ వదులుతున్న బండికి మూడుసార్లు తిప్పి కళ్ళకద్దుకున్నాడు. అప్పటికి నేను తెచ్చుకున్న పేపరు రెండు పేజీలు చదివేశాను.

"రోజూ ఇట్లనేనా?" అని అడిగాను.

"రోజూ. అంగడి పెట్టినకాడి నుంచి ఇదే పద్ధతి" అన్నాడు సావుకారు. "ఆగిన బండికి ఎవరన్నా హారతి ఇస్తారా? పండుకున్నోని ముందర ఆకేసి అన్నం వడ్డించినట్ల."

దొరికింది. నిలబెట్టి ఊరికే ఆడించినంతసేపూ మసి వస్తుంది, వేడి రాదు. సావుకారుకూ డ్రైవరుకూ అదే చెప్పాను. ఏ పత్రికలోనూ పూజ సంగతి రాయలేదు. నేనూ అడగలేదు.

దీపం ఇంకా పసుపుగానే ఉంది, ఎర్రబడలేదు. ఎర్రబడి ఉంటే చేయి పెట్టేవాణ్ణి కాదు, నేరుగా షోరూంకే పంపేవాణ్ణి. సావుకారుతో చెప్పాను. "బండినీ డ్రైవరునూ నాకియ్యి. చాగలమర్రి దాకా పోయి వస్తాం. దీపం ఆరితే బండీ ఉంటాది, డ్రైవరూ ఉంటాడు. ఆరకపోతే నీ ఇష్టం."

ఆయన కొడుకు వైపు చూసి, "అట్లనే కానీ" అన్నాడు.

ఆయన భార్య గల్లా మీద నుంచి లేచింది. "నేనూ వస్తా."

"నువ్వెందుకు? అంగడి?"

"అంగడి యాడికి పోతాదీ? దీపం ఆరిందా లేదా చూసేదానికి మన మనిషి ఒకరు ఉండల్ల కదా." తాళాల గుత్తి కొడుకు చేతిలో పెట్టి, వెనక సీటులో ఎక్కి కూర్చుంది.

ఊరు దాటి హైవే ఎక్కాం. డ్రైవరు కాలు దూది మీద పెట్టినట్టు పెడుతున్నాడు. డీజిల్ మిగలబెట్టడమే మంచి డ్రైవరు పని అని ఇరవై ఏళ్ళు నేర్చుకున్న కాలు అది. నేను గేరు పుల్ల పక్కకు జరిపించి, బండి తనంతట పై గేరు వేసుకోకుండా ఒక గేరు తగ్గించి పెట్టించాను. ఇంజను గొంతు పెరిగింది.

"అన్నా, అరుస్తాండాది."

"అరవనీ."

"డీజిల్ తాగుతాదన్నా!"

"తాగనీ. వేడెక్కల్ల. కాలు తియ్యొద్దు."

రోడ్డుకు రెండు పక్కలా చేలు వెనక్కి పోతున్నాయి. వెనక సీటులో ఆమె అద్దం దించి, గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకొని, ఎక్కడ ఏ పంట వేశారో పైకి చెప్పుకుంటూ వస్తోంది. నేను మాత్రం దీపాన్నే చూస్తున్నాను. అది వెలుగుతూనే ఉంది.

కొంచెం దూరం పోయాక డ్రైవరు నాకు మాత్రమే వినిపించేలా, "అన్నా, నిలబెట్టి ఆడిస్తేనే మసి పడుతుందా?" అని అడిగాడు.

"అవును."

"ఆ పద్ధతి పెట్టింది నేనేన్నా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "పాత జీపుకు బ్యాటరీ ఉండేది కాదు. ఆపితే మళ్ళీ తోయల్ల. పూజ అయిందాకా ఆపి, మళ్ళీ వీధంతా ఎవరు తోస్తారని, ఆగిన బండికి హారతి ఇస్తే అరిష్టం సావుకారీ అన్న్యా. ఆయన నిజమనుకున్న్యాడు. జీపు పోయినా ఆ మాట పోలేదు."

నాకు నవ్వు ఆగలేదు. ఏసుప్రభువును కొలిచే మనిషి, తోసే బాధ తప్పించుకోవడానికి సావుకారు పూజకు ఒక ఆచారం కలిపాడు. వెనక నుంచి కూడా నవ్వు వినిపించింది. ఆమెకు అంతా వినబడింది.

"సావుకారికి చెప్పొద్దులే" అంది ఆమె. "ఇన్నేండ్లు హారతి ఇచ్చినాడు పాపం."

చాగలమర్రి వచ్చింది. దీపం ఆరలేదు. రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీల బండి చూసి ఆమె, "ఒక్క నిమిషం ఆపండప్పా" అంది. ఆపితే చల్లబడుతుంది, కాలుతున్న మసి సగంలో ఆగిపోతుంది. వద్దన్నాను. "మీ దీపం ఆరేదాకా నా బజ్జీ కూడా ఆరిపోవల్లనా?" అంది. ఎవరూ నవ్వలేదు. కడప జిల్లా సరిహద్దు దాకా పోయి, కాలు పెద్దగా తగ్గించకుండా వెనక్కి తిప్పాం. దీపం ఉంది. నాలో ధైర్యం పోతోంది. మోటారు పత్రికలో చదివింది వేరు, ఒక మనిషి జీతం దాని మీద పెట్టి పందెం వేయడం వేరు.

డ్రైవరు గొంతులో కీర్తన మొదలైంది. భయమేసినప్పుడు ఇంకా మెల్లగా పాడతాడు.

"రవ్వంత గట్టిగా పాడప్పా" అంది ఆమె. "ఇరవై ఏండ్ల నుంచి సగమే వింటాండా. మిగతా సగం ఏందో ఈ పొద్దన్నా తెలియనీ."

అతను అద్దంలో ఆమెను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. పాడాడు. ఆ మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. ఇంజను అరుపు మీద నుంచి వినిపించేంత గొంతు. పాడేటప్పుడు కాలు కూడా భయం మరిచిపోయి నిలకడగా ఉంది. నేను దీపం సంగతి మరిచి వింటూ ఉండిపోయాను.

పాట అయిపోగానే ఆమె ముందుకు వంగి, "మేస్త్రీ, దీపం యాడ?" అంది.

లేదు. ఎప్పుడు ఆరిందో ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

బజ్జీల బండి దగ్గర ఆపాం. డ్రైవరు తాళం తిప్పి ఇంజను ఆపి, ఆపినానని ఇద్దరికీ చూపించాడు. ఆమె రెండు పొట్లాలు కట్టించింది, అందులో ఒకటి సావుకారుకు. అది అంగడి దాకా రాలేదు.

తిరిగి వచ్చేసరికి తండ్రీ కొడుకులు వీధిలోనే నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆమె దిగి, "ఆరింది. అయితే వారం వారం ఇట్లా పోయి రాకపోతే మళ్ళీ వెలుగుతాదంట" అంది.

కొడుకు నా వైపు చూశాడు. "వారం వారమా మామా? పుస్తకంలో అట్ల ఉండాదా?"

పుస్తకంలో వారం అని లేదు. అప్పుడప్పుడు అని ఉంది. అప్పుడప్పుడు అంటే ఎన్నాళ్ళకో రాసినవాళ్ళు చెప్పలేదు. ఆమె వైపు చూశాను. కొంగు ఇంకా గాలికి చెదిరే ఉంది.

"పోతే మంచిదప్పా" అన్నాను.

"వారం వారం అంగడి విడిచి నేను యాడికి పోయేదీ?" అన్నాడు కొడుకు.

"నువ్వెందుకు? ఆయన ఉండాడు కదా" అని ఆమె తాళాల గుత్తి వెనక్కి తీసుకొని గల్లా దగ్గర కూర్చుంది. డ్రైవరు సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పూజ దగ్గర మాత్రం సావుకారు తొందరగా లొంగలేదు. చివరికి ఒక దారి చెప్పాను. హారతి ఇచ్చేదాకా ఇంజను ఆపి ఉంచాలి, హారతి అయిన మరుక్షణం తాళం తిప్పి బండిని కదిలించాలి. అంటే హారతి తీసుకొని బండి నిద్ర లేచినట్టు. అది ఆయనకు బాగా నచ్చింది. అసలు పాతకాలపు పద్ధతి ఇదేనని ఇప్పుడు ఆళ్లగడ్డలో అందరికీ చెబుతున్నాడట.

యార్డులో పెట్రోలు అన్నందుకు నేనేమీ బాధపడటం లేదు. ఆ ఇంటి తిరుగుడుకు ఆ రోజు అదే సరైన మాట. తర్వాత తిరుగుడే మారింది. బండికి పడే మసి కోసం ఒక మనిషి వారానికి ఒకసారి ఊరు దాటి గాలి పీల్చుకుంటుందని నేను ఏ పత్రికలోనూ చదవలేదు. మీరు మాత్రం అడగండి పిల్లలూ. ఎంత దూరం తిరుగుతారు, ఎవరు తోలుతారు, పొద్దున్నే బండి దగ్గర ఏం చేస్తారు, ఇంట్లో ఎక్కడికీ పోకుండా ఉండిపోయింది ఎవరు అని. తర్వాతే పెట్రోలూ డీజిలూ.

ఇంక కృతజ్ఞతలు. పేర్లు పెట్టి చెప్పాలని ఉంది గానీ, పేర్లు వద్దని వాళ్ళే అన్నారు. కాబట్టి మేము పిలుచుకునే పేర్లతోనే చెబుతాను. డీజిల్ వాసన భరించి, బీరువా తాళం తీసి పాత సంచికలు ఇచ్చిన లైబ్రరీ అమ్మకు. నా శనక్కాయలు సగం తిని, ఈ కథ మొదటిసారి విని, "ఇప్పుడు స్టార్టయిందన్నా" అన్న నాజిల్ భాయికి. నా మాట వినని సావుకారుకు; వినుంటే ఈ కథే లేదు. లెక్క పక్కన పెట్టి మాట్లాడకుండా ఊరుకున్న చిన్న సావుకారుకు. పాట మొత్తం పాడిన సంజామల తమ్ముడికి. ఇదంతా రాయమని పట్టుబట్టిన గల్లా అక్కకు. "ఆయనకు తెలిస్తే ఎట్లక్కా?" అని అడిగితే, "ఆయన పుస్తకాలు యాడ చదువుతాడు, రాసుకో" అంది. అందుకే జీపు సంగతి కూడా రాశాను.

నేను పని మానేశాక గల్లా అక్కా, సంజామల తమ్ముడూ ఒక వారం చాగలమర్రి వైపు పోతే, ఒక వారం నంద్యాల వైపు వస్తున్నారు. వచ్చినప్పుడల్లా నన్నూ ఎక్కించుకుని బైపాస్ మీద ఒక చుట్టు తిప్పుతారు. ఇప్పుడే మా ఇంటి ముందర హారను మోగింది. కిటికీలోంచి కీర్తన వినిపిస్తోంది, పూర్తి గొంతుతో. దాని కింద ఇంజను కూడా వినిపిస్తోంది. నిలబెట్టి ఆడిస్తున్నాడు.

పోయి ఆపమని చెప్పాలి.